ఇంజను దీపమును ఆర్పుట ఎట్లు?

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



బడి పండుగనాడు మోటారు బండ్ల ప్రసక్తి యేల యని మీకు తోచవచ్చును. సాయంకాలము గంట కొట్టిన పిమ్మట మన గేటు ముందు ఇంజను ఆపకయే నిలిచియుండు కార్లను చూచినవారికి మా ఉద్దేశము తెలియును. పెద్దల ముక్కుకంటె పిల్లల ముక్కే ఆ పొగగొట్టములకు దగ్గర.

పెట్రోలు కారు పొగగొట్టములో క్యాటలిటిక్ కన్వర్టరను పరికరము గలదు. తేనెపట్టువలె సన్నని రంధ్రములు గల పింగాణి దిమ్మెకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను ఖరీదైన లోహములను పలుచగా పూసి ఉక్కు డబ్బాలో నిలిపెదరు. కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిరి, నత్రజని ఆక్సైడులు దాని గుండా పోవునపుడు చాలవరకు బొగ్గుపులుసు వాయువుగను, నీటి ఆవిరిగను, నత్రజనిగను మారును. 1995లో నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని విధించిరి. సీసము దీనికి విషము గావున సీసములేని పెట్రోలును అచ్చట అప్పుడే అమ్మసాగిరి. 2000లో అది దేశమంతట వచ్చినది.

లోహముల విలువకు ఆశపడియో, మైలేజీ పెరుగునను మాట నమ్మియో, క్రొత్తదాని ధరకు జంకియో కొందరు దీనిని తీయించి ఖాళీ గొట్టము అతికించుకొనుచున్నారు. కొలది దినములలో ఇంజను దీపము వెలుగును. కన్వర్టరుకు ముందొకటి, వెనుకనొకటి ఆక్సిజన్ సెన్సార్లుండును. ముందుదాని సూచన ఊగిసలాడుచున్నను వెనుకదాని సూచన నిలుకడగా నుండవలెను. దిమ్మె ఆక్సిజనును దాచుకొని విడుచుచుండుటయే దీనికి కారణము. రెండును ఒక్కతీరుగ ఊగినచో కంప్యూటరు పి 0420 అను సంఖ్యను వ్రాసికొని దీపము వెలిగించును.

ఇక షెడ్డులలో వినవచ్చు ఉపాయములు: వెనుక సెన్సారును పొగకు ఎడముగ జరుపు ముక్క బిగించుట, కంప్యూటరులో ఆ పరీక్షనే తీసివేయుట, మరీ తెలివిగలవారు బల్బునే ఊడదీయుట. వీనిలో ఏదియు పొగను శుభ్రపరుపదు. బల్బు తీసినచో రేపు ప్లగ్గు మండకున్నను చెప్పు దిక్కుండదు. సంఖ్యను చెరిపించినను మరల వచ్చును.

కన్వర్టరు ఉన్న కారులో దీపము వెలిగినచో ముందు సంఖ్యను చదివింపుడు. పొగగొట్టమున చిల్లియో, సెన్సారు తీగ తెగుటయో కూడ కారణము కావచ్చును. దీపము మినుకుమినుకుమనినచో ఇంజను సరిగా మండుటలేదని అర్థము. వేగము తగ్గించి బండి నిలుపవలెను. ఆ దశలో నడిపినచో కాలని పెట్రోలు దిమ్మెలో మండి దానిని కరగించును. వేడిమీదనున్న దిమ్మె చన్నీటికి బీటలువారవచ్చును. 2022 జూలై గోదావరి వరదనీటిలో బండ్లు నడిపినవారు ఇది గమనింపవలెను. తీయించినవారికి మార్గమొక్కటే, ఆ మోడలుకు తగినదానిని తిరిగి బిగించుట. ధర బరువే, కాదనము. కాని పాతది చెడిన కారణము, నూనె కాలుటయో మరొకటియో, సరిచేయనిదే క్రొత్తదియు నిలువదు.

కార్బన్ మోనాక్సైడుకు రంగులేదు, వాసనలేదు. రక్తములో ఆక్సిజను చోటును అదియే ఆక్రమించును. చట్టము సంగతి యందురా, 2019 సవరణ ప్రకారము కాలుష్య నిబంధనలు మీరి బండి నడిపినవారికి రూ. 10,000 వరకు జరిమానా గలదు. నంబరు మన పి.వై. 04 అయినను, కాకినాడనుండి వచ్చిన ఆంధ్ర నంబరైనను చట్టమొక్కటే.

తీయించినవారెవరో మేమడుగము. వేసవి సెలవులు ముగియులోగా తిరిగి బిగింపించుకొన ప్రార్థన. గేటు ముందు ఇంజను ఆపుటకు మాత్రము సెలవులదాక ఆగనక్కరలేదు, రేపటినుండియే ఆపుడు.