గాలపుకఱ్ఱకు వెల కట్టుట



నేటి ప్రసంగ విషయమును వినిన వెంటనే మీలో కొందఱు నవ్వుకొందురేమో. చేపలు పట్టు గాలపుకఱ్ఱను చేతితో చేసి అమ్ముకొనువాడు తన సరకునకు వెల ఎట్లు కట్టవలెను, అంతర్జాలమున తన అంగడిని ఎట్లు నెలకొల్పుకొనవలెను అనునది విషయము. జాలమనగా వల. గాలము చేయువాడు పోయి వలలో అంగడి పెట్టుట వింతగనే యున్నది. అయినను ఇందొక గట్టి లెక్క కలదు. ఆ లెక్క చూచుకొనని పనివాడు, ఎంత నేర్పరియైనను, సరకు చక్కగా అమ్ముడు పోవుచుండగనే చితికిపోవును. మన యూరి మేదరికిని సాలెకును వడ్రంగికిని వర్తించు లెక్కయే అది. కాని మన వస్తువులను గుఱించి మనకు ముందే అభిప్రాయము లున్నవి. బుట్ట వెల యింతేయని మనమే తీర్పు చెప్పుదుము. కావున మన కంతగా అలవాటు లేని వస్తువును తీసికొని లెక్క చూచుట మేలని తోచినది.

మనకు గాలమనగా ఒక సన్నని వెదురుకఱ్ఱ, కొంత దారము, ఒక ఇనుప కొక్కెము, దానికి గ్రుచ్చిన ఎఱ. ఆ కొక్కెమునకు అమరకోశమున బడిశమను పేరు కలదు. చెఱువుగట్టున కూర్చుండు పిల్లవాడు తన కఱ్ఱకు వెల కట్టడు. వెదురుపొద ఇచ్చినది, వాడు తెచ్చుకొన్నాడు. ఆంగ్లదేశమునందును అమెరికాయందును సంగతి వేఱు. అచ్చట గాలము వేయుట పెద్దలకు సయితము వినోదము. ఐజాక్ వాల్టన్ అను నాతడు 1653లో దానిపై ఒక గ్రంథమే ప్రకటించెను. మన చెన్నపురి రాజధానిలో సివిలు సర్వీసునందుండిన హెన్రీ సల్లివన్ థామస్ అను దొర 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అను పుస్తకమును మంగళూరున అచ్చు వేయించి, ఈ దేశపు నీటిలో గాలము వేయు విధమును తనవారికి తెలిపెను.

అట్టి వినోదమునకు మంచి కఱ్ఱ కావలెను. అది తేలికగా నుండవలెను, విల్లువలె వంగి మరల నిటారుగా నిలువవలెను. 1840 తరువాతి దశకమున పెన్సిల్వేనియా రాష్ట్రములోని ఈస్టన్ పట్టణమున తుపాకులు చేయు శామ్యూల్ ఫిలిప్ అను పనివాడు వెదురును నిలువుగా చీల్చి, ఆ బద్దలను మరల అంటించి కఱ్ఱలు చేసెను. పిమ్మట మెయిన్ రాష్ట్రమున హైరమ్ లెనార్డ్ అను నాతడు ఆఱు బద్దలు కూర్చిన కఱ్ఱలు చేయుటలో గొప్ప పేరు పొందెను. బద్దలను కోయు యంత్రమును ఆయన పరుల కంట పడనీయక తాళము వేసిన గదిలో నుంచెనని చెప్పుదురు. తాళము ఎంత గట్టిదైననేమి? ఆయన యొద్ద పనిచేసినవారే తరువాత వేఱుపడి పేరుగల కఱ్ఱలు చేసిరి.

ఆ తొలినాళ్ల వెదురు ఎచ్చటిదనుకొనెదరు? మన దేశపుదే. అచ్చటివారు దానిని కలకత్తా వెదురని పిలిచిరి. తరువాత చైనాదేశపు గ్వాంగ్‌డాంగ్ మండలమున పెరుగు టాంకిన్ వెదురు మేలైనదని తెలిసి, మన వెదురు వెనుకబడెను. 1950 చివర అమెరికా ప్రభుత్వము చైనా సరకును నిషేధించుటతో ఆ వెదురు రాక కూడ నిలిచెను. గాజునార కఱ్ఱలు వ్యాపించినవి. 1970 దాటిన పిమ్మట కార్బను నార కఱ్ఱలు వచ్చినవి. నిషేధము తొలగిన తరువాత టాంకిన్ వెదురు మరల దొరకుచున్నది. నేటికిని దానితో కఱ్ఱలు చేయువారు కొలదిమంది కలరు. ఒక్కొక్క కఱ్ఱకు సాధారణముగా 40 గంటలు దాటును. వెల వేయి డాలర్లు దాటుట సామాన్యము.

అయితే చేతిపనివారిలో ఎక్కువమంది కార్బను కఱ్ఱలనే కట్టుదురు. కార్బను నార గుడ్డను చుట్టి కాల్చి చేసిన బోలు గొట్టమును, పిడివైపు లావుగను కొనవైపు సన్నముగను ఉండుదానిని, కర్మాగారమునుండి కొందురు. దానిని వంచి త్రిప్పి చూచి, ఏ ప్రక్క బిఱుసుగా నున్నదో గుఱుతు పెట్టుదురు. దానికి వెన్ను అని పేరు. పిమ్మట గాలపుదారము పోవుటకై వరుసగా ఉంగరములను అమర్చి, వానిని పట్టుదారముతో గాని నైలాను దారముతో గాని, పోగు ప్రక్క పోగు చేర్చి, చుట్టి కట్టుదురు. పైని రెండు పాళ్లు కలిపిన జిగురు పూయుదురు. ఆ జిగురు గట్టిపడునంతవఱకు ఒక ప్రక్కకు జాఱకుండుటకై, కఱ్ఱను చిన్న మోటారుతో గంటల కొలది మెల్లగా త్రిప్పుచుండవలెను. కార్కు బిళ్లలను అంటించి, తరిమెన పట్టి పిడి చేయుదురు. ఇదంతయు కొనువాని చేతి కొలతకును, వాడు పట్టు చేపకును, వాడు నిలుచు నీటికిని తగినట్లుండవలెను. కుప్పలుగా చేసి అమ్ము కఱ్ఱకును దీనికిని భేద మదియే.

ఇప్పుడు వెల మాట. పనివాడు తఱచుగా చేయునదేమనగా, పెద్ద అంగడిలో కఱ్ఱ యెంతకు దొరకునో చూచి, దానికి కొంచెము పైన తన వెల నుంచును. మఱికొందఱు సరకుల ఖర్చును రెట్టించి అదియే వెల యందురు. రెండును గ్రుడ్డి లెక్కలే. ఒక ఉదాహరణము చూతము. ఈ అంకెలు బోధకొఱకు నేను వేసికొన్నవి. గొట్టము 150 డాలర్లు, ఉంగరములు 55, దారపు చక్రమును నిలుపు గద్దె 40, కార్కు 30, కట్టుదారము జిగురు మొదలగునవి 15, వెరసి 290. దీనిని అందఱును వ్రాసికొందురు, ఏలయన చేతినుండి పోయిన ధనము కంటికి కనబడును. చేతినుండి పోయిన కాలము కనబడదు. కఱ్ఱ కట్టుటకు 8 గంటలు. కొనువానితో ఉత్తరప్రత్యుత్తరములు నడపి వాని కోరిక తెలిసికొనుట, సరకులు తెప్పించుట, మూట కట్టి తపాలా కిచ్చుట, వీనికి మఱి 3 గంటలు. ఈ మూడు గంటలను లెక్కలో వ్రాయు పనివాడు అరుదు. గంటకు 25 డాలర్ల చొప్పున 11 గంటలకు 275. గది అద్దె, దీపము, పనిముట్లు, బీమా, అంతర్జాలపు అంగడి, ఇవన్నియు ఏటికి 2400 అనుకొందము. ఏటికి 40 కఱ్ఱలు చేయునెడల కఱ్ఱకు 60.

ఆపైన పన్ను. అమెరికాలో గాలపుకఱ్ఱ చేయువాడు వెలలో నూటికి 10 వంతున, కఱ్ఱకు 10 డాలర్లకు మించకుండ, కేంద్ర ప్రభుత్వమునకు సుంకము చెల్లింపవలెను. ఒంటరిగా ఇంట చేసికొని అమ్మువాడును దీనికి లోబడినవాడే. 1950 నాటి డింగెల్–జాన్సన్ శాసనము ననుసరించి ఆ ధనము రాష్ట్రములకు పంచబడి, చేపల సంరక్షణకును వృద్ధికిని వినియోగింపబడును. చేపలు పట్టువారినుండి తీసినది చేపలకే పెట్టుట నాకు మిక్కిలి నచ్చిన ధర్మము. కాని వెల కట్టునపుడు ఈ 10 డాలర్లను మఱచిన పనివాడు వానిని తన కూలినుండియే ఇచ్చుకొనును. కార్డుపై చెల్లించువారి సొమ్ము మన చేతికి వచ్చులోపల నూటికి 3 వంతున పోవుననుకొన్నచో 20. చెడిపోయిన పనికిని, విఱిగి తిరిగి వచ్చిన కఱ్ఱను ఊరక బాగుచేయుటకును 25. అన్నియు కలిపిన 680 డాలర్లు.

రెట్టింపు లెక్కవాడు 580కి అమ్మును. తనకు 290 మిగిలినదని సంతసించును. పై ఖర్చులన్నియు తీసివేసినచో వానికి దక్కునది ఇంచుమించు 178. గంటకు 16 డాలర్లు. అంగడిని చూచి 450కి అమ్మువాని సంగతి చెప్పనక్కఱలేదు. వానికి మిగులునది 50 డాలర్ల పైచిలుకు. గంటకు 5 డాలర్లయినను లేదు. అచ్చటి కేంద్ర ప్రభుత్వము 2009లో అమలుపఱచిన కనీసపు కూలి గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. అనగా ఏండ్ల తరబడి నేర్చిన విద్యగలవాడు, నిన్న పనిలో చేరిన కుఱ్ఱవానికంటె తక్కువకు తన్ను తానే కుదుర్చుకొన్నాడు. ఆపైన వాని కఱ్ఱలు బాగుగా అమ్ముడుపోవును కూడ! ఎంత ఎక్కువ అమ్ముడుపోయిన అంత ఎక్కువ నష్టము. అదియే ఇందలి విషాదము.

కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 లాభము వర్తకునకు విధించెను. అది కొని అమ్మువాని లాభము. చేసి అమ్మువాని కూలి అందు చేరదు. మనము ఈ రెంటిని కలిపివేసి, మేదరి బుట్టకు నూఱు రూపాయలడిగినచో, ‘వెదురు ముప్పదికి రాదా, డెబ్బది రూపాయలు లాభమా?’ యందుము. వెదురు తెచ్చిన పూట, చీల్చిన పూట, అల్లిన పూట మన లెక్కకు రావు. ఇందు పెద్దలమైన మనమే ముందున్నామని నా యభిప్రాయము.

ఇక అంగడి. ఆంగ్లదేశమున ఆల్నిక్ పట్టణమందు 1872లో ప్రారంభమైన హార్డీ వారు బొమ్మలతోను వెలలతోను కూడిన పుస్తకమును అచ్చువేసి తమ కఱ్ఱలను దూరదేశములవారికి పరిచయము చేసిరి. నేడు వెబ్‌సైటు చేయు పనియు అదియే. అచ్చుకూలి లేదు, వెల మార్చవలెనన్న క్షణములో మార్చవచ్చును. దానికి ముందుగా ఒక పేరు కావలెను. ఆ పేరును ఏటేట రుసుము చెల్లించి నిలుపుకొనవలెను; మఱచినచో మఱొకడు తీసికొనవచ్చును. మన తెలుగు లిపిలోనే .భారత్ అను తోకతో పేరు నమోదు చేసికొను సదుపాయము కూడ కలదు. ఎట్టి పేరైనను పనివాని స్వంత పేర నమోదు కావలెను. వెబ్‌సైటు కట్టి యిచ్చిన కుఱ్ఱవాని పేర నున్నచో, ఇల్లు మనది స్థలము పట్టా పరులది అన్నట్లగును.

వేఱు మార్గము కూడ లేకపోలేదు. ఎట్సీ వంటి పెద్ద అంతర్జాలపు సంతలో చోటు తీసికొనవచ్చును. జనము అచ్చట ముందే కూడియుందురు. కాని సంతకు ఆశీలు కలదు. ఎట్సీలో 2022 నుండి అమ్మకముపై నూటికి ఆఱున్నర వంతు. మన ఉదాహరణములోని 680 డాలర్ల కఱ్ఱకు అది 44 డాలర్లు. ఆ మొత్తమును వెలలో చేర్చకున్నచో అదియును కూలినుండియే పోవును. మొదట సంతలో కూర్చుండి, పేరు వచ్చిన పిమ్మట కొనువారిని స్వగృహమునకు త్రిప్పుకొనుట తెలివియని నేను తలంతును.

వెలను వెబ్‌సైటులో వ్రాయవలెనా, అడిగినవారికే చెప్పవలెనా? కొందఱు దాచుదురు. ప్రతి కఱ్ఱయు వేఱుగదా, ఏ వెల వ్రాయుదుమందురు. నాకిది సమ్మతము కాదు. వెల కనబడని అంగడిలో మర్యాదస్థుడు అడుగుటకు సంకోచించి వెడలిపోవును; బేరమాడువాడు మాత్రము నిలుచును. నాలుగు రకముల కఱ్ఱలు చూపి, ఒక్కొక్కదానికి ‘ఇంతనుండి’ అని వ్రాసి, మేలైన ఉంగరములకు ఇంత, పేరు చెక్కించుకొనుటకు ఇంత అని క్రింద చేర్చినచో చాలును. నలుబది రకములు చూపినచో కొనువాడు తికమకపడి రేపు చూతమనును. తపాలా ఖర్చు వేఱుగా వ్రాయవలెను. కఱ్ఱ పొడవైన వస్తువు, గట్టి గొట్టములో పెట్టి పంపవలసినది, దూరమునుబట్టి ఖర్చు మాఱును.

ఒకని చేతి కొలతకు చేసిన కఱ్ఱ మఱొకనికి అమ్మబడుట కష్టము. కావున సగము సొమ్ము ముందుగా తీసికొననిదే గొట్టము కొనరాదు. ఆ సంగతియు, ఎన్ని వారములలో ఇచ్చునదియు, ఏ దోషమునకు తాను పూచీపడునదియు, దేనికి పడనిదియు, వెల ప్రక్కనే తేటమాటలలో వ్రాయవలెను. బొమ్మలు తన పనివే కావలెను. దారము చుట్టిన చోటును దగ్గఱనుండి చూపిన ఒక్క బొమ్మ, పది పొగడ్తల పెట్టు. ముందు ఒప్పుకొన్నవానికి పాత వెలకే ఇయ్యవలెను, క్రొత్త వెల క్రొత్తవానికే.

ఇంకొకటి. పైన 11 గంటలంటిని. అది ఊహ. పనివాడు బల్లమీద ఒక చిన్న పుస్తక ముంచుకొని, ప్రతి కఱ్ఱకు ఏ గంటకు కూర్చున్నాడో ఏ గంటకు లేచినాడో, ఉత్తరములు వ్రాసిన కాలముతో సహా, వ్రాసికొనవలెను. పది కఱ్ఱలు పూర్తియైన పిమ్మట ఆ పుస్తకమును ముందు పెట్టుకొని వెలను మరల కట్టవలెను. అంతవఱకు వెబ్‌సైటులో నుండునది అంచనా మాత్రమే.