పాత ట్రాక్టరు, కొత్త అప్పు



రైతు రుణభారాన్ని గురించి మనము ఎన్నో తీర్మానాలు చేశాము. నేడు అందులో ట్రాక్టరు అప్పును గురించి మాత్రమే మనవి చేయదలచాము.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. ట్రాక్టరు గిట్టుబాటు కావాలంటే ఏటా సుమారు 1,000 గంటలు నడవాలని సాధారణంగా లెక్కవేస్తారు. మూడెకరాల రైతుకు అంత పని ఎక్కడిది? అయినా పొలం తాకట్టు పెట్టి కొత్త బండి తెచ్చుకున్నవారు ఎందరో! పంజాబులోని మోగా, మలౌట్ వంటి చోట్ల పాత ట్రాక్టర్ల సంతలకు వచ్చే బండ్లలో వాయిదాలు కట్టలేక అమ్మినవీ వున్నాయి. వాటినే యువరైతులు నగదు చెల్లించి కొంటున్నారు.

వారి ఆలోచన సరియైనదేనని మా అభిప్రాయం. పాత హెచ్.ఎం.టి., స్వరాజ్ బండ్లను ఊరి మెకానిక్ పానాలతో విప్పి బిగించగలడు. (1974లో వెలువడిన స్వరాజ్ 724 దుర్గాపూర్‌లోని ప్రభుత్వ పరిశోధనాలయంలో రూపొందినదని మన యువకులలో ఎందరికి తెలుసు?) అయితే పింజోర్‌లోని హెచ్.ఎం.టి. ట్రాక్టరు కర్మాగారాన్ని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించినది. ఆ నష్టం అక్కడి కార్మికులతో ఆగలేదు. విడిభాగాల కోసం దుకాణాల చుట్టూ తిరిగే రైతు నెత్తిన కూడా పడ్డది.

మేము ఎరిగిన ఒక యువకుడు ఇంజను చప్పుడు విని పైకం ఇచ్చివేశాడు, కాగితాలు చూడలేదు. పాత యజమాని బాకీ తీరలేదు. నాట్ల వేళ ఒక ఫైనాన్సు కంపెనీ మనుషులు వచ్చి బండిని తోలుకుపోయారు. దమ్ము చేయించడానికి కిరాయి బండి, ఆ కిరాయికి వడ్డీ వ్యాపారి! అప్పు వద్దనుకున్నవాడు అప్పులోనే పడ్డాడు.

కనుక ఆర్.సి.లో హైపాథికేషన్ నమోదై వున్నదేమో మొదట చూడాలి. వుంటే, అప్పిచ్చినవారు సంతకం చేసిన ఫారం 35 చేతికి రానిదే పైకం చేయి మారరాదు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు ఆ రోజే తీసుకోవాలి. ఇంజను చల్లగా వుండగా స్టార్టు చేయించాలి. ముందే వేడెక్కించి వుంచిన ఇంజను లోపాలను దాచివేస్తుంది. నాగలిని లిఫ్టుతో ఎత్తి ఇంజను ఆపినప్పుడు అది వెంటనే దిగిపోతే హైడ్రాలిక్ సీళ్లు అరిగి వుండవచ్చును. వున్న సొమ్మంతా బండికే పోయక, మరమ్మతుకు కొంత మిగుల్చుకొనాలి.

బస్సు డిపోలలో, వర్క్‌షాపులలో పనిచేసే మెకానిక్కులు మన సభ్యులలో ఎందరో వున్నారు. సంత రోజున వారిలో ఒకరు యువరైతు వెంట వెళ్లగలరు. ఈ పనిని ముందుగా చేపట్టదలచిన జిల్లా శాఖలు తమ పేర్లను ఈ సభలోనే తెలియజేయవలసినదిగా కోరుతున్నాము.