ఎదుటివారి ఉత్తరం చదవడం



మన పాత పెంకుటి బ్లాకు పడగొట్టాలా, ఉంచాలా అన్న విషయం మీద సంఘానికి వచ్చిన ఉత్తరాలతో ఒక ఫైలు నిండింది. కార్యదర్శిగారు ఆ ఫైలు నా చేతిలో పెట్టి, "నువ్వు ఇంజనీరువి కదా, స్వర్ణోత్సవంలో నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. అన్నీ చదివాను. గోడల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఉత్తరాల సంగతి చెప్పాలి. ఎందుకంటే సగంమంది ఎదుటివాళ్ళు రాసింది పూర్తిగా చదవకుండానే జవాబు రాసేశారు.

కాగితం మీద వాదించుకోవడం తెలుగువాళ్ళకు కొత్త కాదు. 1913లో జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథికాన్ని సమర్థిస్తూ ఒక పుస్తకం, గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషను సమర్థిస్తూ ఒక పుస్తకం వేశారు. తెలుగు ఎలా రాయాలన్న ఆ తగువు రెండు పుస్తకాల్లోనూ ఇంగ్లీషులోనే నడిచింది. తీర్పు చెప్పాల్సిన వాళ్ళు చదివేది ఆ భాష మరి!

గిడుగువారు పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులుగారు. ఆయన జవాబు చెప్పే పద్ధతి నాకు చాలా ఇష్టం. గ్రాంథికంలోనే రాయాలని పట్టుబట్టిన పండితుల పుస్తకాలు తెచ్చుకుని, వాళ్ళు ప్రమాణమన్న వ్యాకరణం పక్కన పెట్టుకుని, వాక్యం వాక్యం చదివారు. ఆ వ్యాకరణం ప్రకారమే తప్పయిన ప్రయోగాలు ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం' అన్న పుస్తకం పేరులోనే ఆ చురక ఉంది. ఎదుటివాళ్ళ పుస్తకాన్ని వాళ్ళ శిష్యులకంటే శ్రద్ధగా చదివిన మనిషి ఆయన.

అయితే ఇక్కడ ఒక చిక్కుంది. పండితులు తప్పులు రాశారంటే ఆ నియమం పాటించడం కష్టమని తేలుతుంది. అంతమాత్రాన నియమమే అక్కర్లేదని తేలదు. పోలీసాయన హెల్మెట్ లేకుండా వెళ్ళాడు కాబట్టి హెల్మెట్ దండగ అనలేం కదా. ఆ రెండో మాటకు వేరే ఆధారం కావాలి. గిడుగువారు దానికోసం పూర్వకవుల ప్రయోగాలు విడిగా పోగుచేశారు. వ్యాకరణాలు తప్పన్న రూపాలను పెద్ద కవులే వాడారని చూపించారు. అవతలివాళ్ళు అడిగిన ప్రశ్న కూడా తేలికైనది కాదు. మాట్లాడే భాష జిల్లాకో రకంగా ఉంటే, ఏది రాయమంటారు? చదువుకున్నవాళ్ళ వాడుక, అంటే శిష్టవ్యావహారికం రాయమన్నారు. ఎవరు శిష్టులు అని తర్వాతివాళ్ళు నిలదీశారు, అది వేరే కథ. ప్రశ్నను మాత్రం ఆయన తప్పించుకోలేదు.

నా ఉద్యోగంలో సగం పని ఇలాంటి చదువే. బయటివాళ్ళు ఇంజనీరంటే ఎండలో టోపీ పెట్టుకుని నిలబడతాడనుకుంటారు. నిజానికి కాంట్రాక్టర్ల ఉత్తరాలు చదువుతూ కూర్చుంటాడు. "పునాదిలో ఊహించని రాయి తగిలింది, పని ఆలస్యమైంది, కాబట్టి గడువు పెంచి అదనపు సొమ్ము ఇప్పించాలి." రాయి తగిలింది, నిజం. ఆలస్యమైంది, నిజమే. రాయి వల్లే ఆలస్యమైందా? సైటు డైరీ తీస్తే, రాయి తగలకముందే యంత్రం రిపేరుకు పోయి పదకొండు రోజులు రాలేదని ఉంటుంది. ఉత్తరంలో అబద్ధం ఒక్కటీ లేదు. "కాబట్టి" అన్న మాట ముందున్నదానికీ వెనకున్నదానికీ మధ్య గట్టి తాడు లేదు, అంతే. అందుకే నేను ఏ ఉత్తరం చదివినా ముందు ఆ "కాబట్టి" కింద పెన్సిల్ గీత పెడతాను. చాలా ఉత్తరాల్లో ఆ మాట పైకి కనబడదు. మనమే వెతికి రాసుకోవాలి.

ఇప్పుడు మన ఫైలుకు వద్దాం. బ్లాకు పడగొట్టాలని మా సీనియర్ అన్నయ్య ఒకాయన మూడు పేజీల ఉత్తరం రాశారు. దాని సారం నేను రాసి ఆయనకు ఫోనులో చదివి వినిపించాను. "అదే నేనన్నది" అన్నాక జవాబు మొదలుపెట్టాను. గోడలు బీటలు వారాయి, కప్పు కారుతోంది, మరమ్మతు ఖర్చు దండగ. ఇవీ ఆయన మాటలు.

కప్పు విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నిచ్చెన వేసుకుని చూశాను. ఉత్తరం వైపు వాసాలు చెదలు తినేశాయి, బెంగుళూరు పెంకులు జారిపోయాయి. ఆ గదుల్లో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఖర్చు విషయంలో ఆయన మరమ్మతు లెక్క ఒక్కటే ఇచ్చారు. కొత్త భవనం లెక్క, అది ఎన్నేళ్ళు నిలుస్తుందన్నది ఇవ్వలేదు. రెండూ పక్కపక్కన పెడితేగాని దండగో కాదో తెలియదు.

బీటల దగ్గరే అసలు వాదం. బీటలున్నాయి, కాబట్టి కూలుతుంది అన్నారు. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలు, కింద నల్లరేగడి. ఆ నేల వానల్లో ఉబ్బుతుంది, ఎండల్లో కుంచించుకుపోతుంది. ఎప్పుడో యాభై ఏళ్ళ కిందట వచ్చి ఆగిపోయిన బీట ఉంటుంది, ఏటా తెరుచుకుని మూసుకునేది ఉంటుంది, ఆగకుండా పెరిగేది ఉంటుంది. పైకి మూడూ ఒకలాగే కనబడతాయి. కూల్చేది మూడోది.

బ్లాకు ఉండాలని రాసిన మావాళ్ళ ఉత్తరాలు ఇంతకంటే బలహీనంగా ఉన్నాయి. నేనూ ఉంచాలనేవాణ్ణే, అయినా చెప్పాలి. ఒకరు ఆ అన్నయ్యకు శిలాఫలకం మీద పేరు కావాలని రాశారు. కావచ్చు, కాకపోవచ్చు, దాంతో బీట పూడదు. ఇంకొకరు అక్కడ చదివిన రోజుల గురించి నాలుగు పేజీలు రాశారు. చదువుతుంటే నాకూ కళ్ళు చెమర్చాయి. కానీ చెదలు పట్టిన వాసాన్ని మన జ్ఞాపకాలు మోయవు.

అందుకని పోయిన నెల ఆరుచోట్ల బీటలకు అడ్డంగా సన్నటి గాజు పట్టీలు ప్లాస్టర్‌తో అతికించాం. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఎంత కదిలిందో గాజు చెప్పదు కాబట్టి బీటకు రెండువైపులా మేకులు కొట్టి, మధ్య దూరం కొలిచి రాశాం. ప్రతి పట్టీ పక్కన తేదీ ఉంది, నా సంతకం ఉంది, అన్నయ్య సంతకం కూడా ఉంది. నిచ్చెన పట్టుకున్నది ఆయనే. ఒక వానాకాలం, ఒక వేసవి గడవాలి. నెలనెలా కొలతలు నోటీసు బోర్డు మీద పెడతాం. దూరం పెరుగుతూనే పోతే పడగొట్టమని తీర్మానం నేనే ప్రతిపాదిస్తాను. తగ్గుతూ పెరుగుతూ ఉంటే కప్పు మార్చే ఎస్టిమేటు అన్నయ్య వేయిస్తానన్నారు.

ఉత్తరం వైపు రెండు గదులకు మాత్రం ఇవాళే తాళం వేయించాం. మిగతావి భోజనాలయ్యాక చూడొచ్చు. గాజు పట్టీల మీద దయచేసి చేతులు వేయకండి.