మన లెక్కల నకలు మన చేతిలో

(చిన్న వ్యాపారాలు చేసుకునే స్త్రీల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా సమావేశంలో ఇచ్చిన ఉపన్యాసం పాఠం)



రుణాలు, మార్కెటింగ్, ప్యాకింగ్ వంటి విషయాల మీద నిన్నటి నుంచి మంచి చర్చ జరుగుతోంది. నన్ను కంప్యూటర్ ఫైళ్ళను భద్రపరచుకోవడం గురించి మాట్లాడమన్నారు. కార్యక్రమంలో ఈ అంశం చూసి, 'ఇది కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్ళెవరైనా చెప్పాల్సింది, హక్కుల గురించి మాట్లాడుకునే చోట దీనికేం పని?' అని కొందరికి అనిపించి ఉండవచ్చు. స్త్రీలు నడిపే వ్యాపారం లెక్కలు ఎక్కడ ఉన్నాయి, వాటి నకలు ఎవరి దగ్గర ఉంది, ఆ నకలు తెరిచే తాళం ఎవరి చేతిలో ఉంది అన్న మూడు ప్రశ్నలూ ఆస్తిహక్కుకు సంబంధించినవని నా అభిప్రాయం. అందుకే ఈ విషయాన్ని కుర్రాళ్ళకు వదిలేయకూడదు అంటున్నాను.

ఇంటి దగ్గర పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మే ఒక స్త్రీని ఊహించుకోండి. ఇల్లు భర్త పేరనో మామగారి పేరనో ఉంటుంది. కొట్టు అద్దెకు తీసుకుంటే ఆ ఒప్పందం మీద సంతకం మగవాళ్ళదే. గ్రైండరు అప్పు మీద కొన్నది. మరి ఆమెది అని చెప్పుకోదగ్గది ఏమిటి? ఎవరు ఏ నెలలో ఏం కొంటారో తెలిపే ఖాతాదారుల జాబితా. ఏ పచ్చడికి ఏ పాళ్ళు అన్న లెక్క. ఎవరు ఎంత బాకీ ఉన్నారన్న పద్దు. ఆహార భద్రతా రిజిస్ట్రేషన్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు, సరుకు కొన్న బిల్లులు. ఇదివరకు ఇవన్నీ ఒక నోటుపుస్తకంలోనూ, బీరువాలో పెట్టిన ఒక సంచిలోనూ ఉండేవి. ఇప్పుడు ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఉంటున్నాయి. తన పేర భూమీ ఇల్లూ లేని స్త్రీ, 'నేను ఇన్నేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నాను' అని బ్యాంకు మేనేజరుకు చూపించగలిగింది ఇదొక్కటే. ఆమె శ్రమ కళ్ళకు కనిపించే రూపం తీసుకున్నది ఇక్కడే.

పొదుపు సంఘాల్లో పనిచేసేవారికి ఈ మాట కొత్త కాదు. సంఘాల పంచసూత్రాల్లో పుస్తకాల నిర్వహణ ఒకటి. సమావేశాలు జరిగాయన్నా, పొదుపు కట్టారన్నా, అప్పులు సకాలంలో తీరాయన్నా రుజువు ఆ పుస్తకమే. సంఘం పుస్తకం విషయంలో ఇంత పట్టుదలగా ఉండే మనం, సభ్యురాలి సొంత వ్యాపారం దగ్గరికి వచ్చేసరికి, 'మా అబ్బాయి చూసుకుంటాడండీ' అనే జవాబుతో సరిపెట్టుకుంటున్నాం.

ఆ అబ్బాయి ఎక్కడ చూసుకుంటున్నాడో ఒకసారి చూద్దాం. ఫోన్ ఆమెదే కావచ్చు. అందులో ఉన్న ఈమెయిల్ ఖాతా అబ్బాయి కాలేజీలో చేరేటప్పుడు తెరిచింది. వాట్సాప్‌లో వచ్చే ఆర్డర్ల నకలు వెళ్ళేది ఆ ఖాతాలోకే. బ్యాంకు ఓటీపీ వచ్చేది భర్త నంబరుకు. పన్నుల లెక్క ఉన్నది అకౌంటెంట్ ఆఫీసు కంప్యూటర్‌లో. 2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న స్త్రీలు దేశంలో 54 శాతం. అంటే దాదాపు సగం మందికి సొంత ఫోనే లేదు. ఫోన్ ఉన్నవారిలో కూడా దాని లోపలి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయన్నది ఏ సర్వే పట్టికలోనూ సులభంగా కనిపించే విషయం కాదు.

నేను మాట్లాడిన స్త్రీలలో ఒకామె చాలా ఏళ్ళుగా బ్లౌజులు కుట్టిస్తూ, మగ్గం పని చేయిస్తూ వచ్చారు. డిజైన్ల ఫొటోలు, ఖాతాదారుల నంబర్లు, పనివాళ్ళకిచ్చిన అడ్వాన్సుల లెక్క అన్నీ ఇంట్లోని లాప్‌టాప్‌లో ఉండేవి. భర్త పెట్టే హింస భరించలేక పిల్లలతో పుట్టింటికి వచ్చేశారు. వారం తిరక్కుండా ఖాతాల పాస్‌వర్డ్‌లు మారిపోయాయి. 'షాపు మేమే నడుపుతున్నాం' అని అత్తింటివారు ఖాతాదారులకు ఫోన్లు చేశారు. ఆమెకు మిగిలింది కుట్టుపని దగ్గర వాడే చేతిరాత కొలతల పుస్తకం. అందులో పేర్లూ ఫోన్ నంబర్లూ ఉన్నాయి కాబట్టి మళ్ళీ ఒక్కొక్కరినీ పిలుచుకుని వ్యాపారం నిలబెట్టుకున్నారు. ఆ పుస్తకాన్ని ఎవరూ భద్రత కోసం రాయలేదు. అయినా ఆమెను కాపాడిన నకలు అదే.

ఫైళ్ళు పోవడానికి కారణాలు చెప్పమంటే నిపుణులు మూడు చెబుతారు. యంత్రం చెడిపోవడం, ప్రకృతి వైపరీత్యం, దొంగతనం. మూడూ నిజమే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయింది. ఇంట్లోని కంప్యూటరూ, పక్క అరలో దాచిన పెన్‌డ్రైవూ అలాంటి నీళ్ళలో కలిసే మునుగుతాయి. 2017 మే 12న 'వానాక్రై' అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్ళకు తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు కట్టమంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఈ మూడింటికీ తోడు నాలుగో కారణం ఒకటుంది. అది కుటుంబం. నిపుణుల పుస్తకాలు వ్యాపారి ఇంటిని క్షేమమైన చోటుగానే భావించి రాస్తాయి. ఆ ఇంట్లోనే ఆమెకు ప్రమాదం ఉండవచ్చునన్నది మనం చేర్చవలసిన మాట.

ఇల్లు మరో రకంగా కూడా ఈ కథలోకి వస్తుంది. 1998లో అమెరికాలోని పిక్సర్ సంస్థలో 'టాయ్ స్టోరీ 2' అనే యానిమేషన్ సినిమా తయారవుతోంది. ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక్క ఆదేశంతో సినిమా ఫైళ్ళు వరసగా చెరిగిపోయాయి. సంస్థలో నకళ్ళు తీసే ఏర్పాటు ఉంది. తీరా చూస్తే అది కొంతకాలంగా సరిగ్గా పనిచేయడం లేదు, ఎవరూ గమనించలేదు. ఆ సినిమా సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సుస్మన్ అప్పటికి కొత్తగా బిడ్డ తల్లి. ఇంటి నుంచి పనిచేసుకోవడానికి ఫైళ్ళ నకలు ఒకటి తన ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకున్నారు. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి కారులో ఆఫీసుకు తెచ్చారు. సినిమా చేతికి దక్కింది. తరవాత కథ చాలావరకు మార్చి తీశారన్నది వేరే సంగతి. కోట్ల డాలర్ల సంస్థను ఆదుకున్నది దాని యంత్రాంగం కాదు, పసిబిడ్డతో ఉద్యోగం చేసుకోవడానికి ఒక స్త్రీ ఇంట్లో చేసుకున్న ఏర్పాటు. 2023లో ఆ సంస్థ ఉద్యోగాలు తగ్గించినప్పుడు వెళ్ళిపోవలసి వచ్చినవారిలో ఆమె కూడా ఉన్నారు.

అదృష్టం మీద ఆధారపడకుండా ఉండాలంటే ఏం చేయాలి? దీనికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. మన పల్లెల్లో విత్తనం దాచే పని ఆడవాళ్ళది. విత్తనం మొత్తం ఒకే కుండలో పెట్టరు. బూడిదో వేపాకో కలిపి కొంత కుండలో, కొంత బుట్టలో దాస్తారు. కొంత పుట్టింటికో పొరుగింటికో ఇస్తారు. మనింట్లో పురుగు పట్టినా అక్కడ మిగులుతుంది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు విత్తన బ్యాంకులు నడిపింది ఈ తెలివితోనే. కంప్యూటర్ రంగంలో '3-2-1' అని చెప్పే సూత్రమూ ఇదే: అసలుతో కలిపి మూడు ప్రతులు, రెండు వేరువేరు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. వ్యాపారం కంప్యూటర్‌లో ఉన్నది ఒకటి. విడిగా కొనుక్కున్న హార్డ్‌డిస్క్‌లో రెండోది. తన సొంత పేర, తన సొంత నంబరుతో తెరిచిన ఖాతాలో మూడోది. ఆ ఖాతా కుదరకపోతే నమ్మకమైన స్నేహితురాలి ఇంట్లో ఇంకో డిస్క్. హార్డ్‌డిస్క్‌ను పని అయిపోగానే కంప్యూటర్ నుంచి విడదీయాలి. తగిలించి ఉంచితే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పాలి. గూగుల్ డ్రైవ్ వంటివి ఫోన్‌తో కలిపి నడుస్తున్నప్పుడు ఇక్కడ చెరిపింది అక్కడా చెరిగిపోవచ్చు. చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంటుంది, తరవాత పోతుంది. అది అద్దం వంటిది, దాన్ని నకలు అనుకోకూడదు. అలాగే రెండేళ్ళు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చు. 2023 డిసెంబరు నుంచి ఈ పద్ధతి అమల్లోకి వచ్చింది. అబ్బాయి మరిచిపోయిన ఖాతాలో అమ్మ లెక్కలు ఉంటే వాటి గతి ఏమిటో ఆలోచించండి.

ఇక, విత్తనాన్ని దాచినవాళ్ళు నేరుగా పొలంలో చల్లరు. గుప్పెడు గింజలు తడి గుడ్డలో కట్టి మొలక చూస్తారు. నకలు కూడా అంతే. తీశాం అన్నంత మాత్రాన సరిపోదు. నెలకొకసారి ఆ డిస్క్‌ను వేరే కంప్యూటర్‌కు తగిలించి, నాలుగు ఫైళ్ళు తెరిచి, పోయిన వారం బాకీల పద్దు కనిపిస్తోందో లేదో చూడాలి. టాలీ వంటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో నకలు తీసే ఏర్పాటూ, దాన్ని తిరిగి తెరిచే ఏర్పాటూ రెండూ ఉంటాయి. మొదటిది నేర్పి రెండోది నేర్పకపోతే సగం పనే నేర్పినట్టు. పిక్సర్‌లో లోపించింది ఈ మొలక చూడడమే.

చట్టం కూడా దీన్ని బాధ్యతగానే చూస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవారు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచాలి. ఎలక్ట్రానిక్ రూపంలో ఉంచే లెక్కలకు, ప్రమాదంలో నాశనమైనా తిరిగి పొందగలిగేలా నకలు ఉంచాలని కేంద్ర జీఎస్టీ నియమాల్లో 57వ నియమం చెబుతోంది. రిజిస్ట్రేషన్ ఆమె పేర ఉంటే జరిమానా నోటీసు వచ్చేదీ ఆమె పేరే. లెక్క మాత్రం ఇంకొకరి కంప్యూటర్‌లో. బాధ్యత ఒకరిదీ అధికారం ఇంకొకరిదీ అయిన ఈ ఏర్పాటు మనకు మరెన్నో చోట్ల పరిచితమే.

గృహహింస నుంచి స్త్రీల రక్షణ చట్టం, 2005 ఆర్థిక హింసను హింసగా గుర్తించింది. స్త్రీకి వాడుకునే హక్కున్న వనరులు ఆమెకు అందకుండా చేయడం అందులోకి వస్తుంది. మనం పిటిషన్లలో ఫోన్ లాక్కున్నారని, లాప్‌టాప్ ఇవ్వడం లేదని రాస్తాం. అందులో ఏముందో రాయం. ఖాతాదారుల జాబితా, డిజైన్లు, బాకీల పద్దు అని విడివిడిగా రాయమని న్యాయవాద మిత్రులను కోరుతున్నాను. వ్యాపారంలో క్రమం తప్పకుండా రాస్తూ వచ్చిన ఖాతాలు, ఎలక్ట్రానిక్‌వి సహా, కోర్టులో సాక్ష్యంగా పనికొస్తాయి. ఆ పద్దు ఒక్కదాన్ని చూసి ఎవరిమీదా బాకీ మోపరుగానీ, పద్దే లేకపోతే వాదన ఎక్కడ మొదలుపెట్టాలి? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం కంప్యూటర్ రికార్డుతో పాటు ఒక ధ్రువపత్రం జతచేయాలన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

హింస ఉన్న ఇంటి నుంచి బయటికి రాబోయే స్త్రీకి మనం ఒక జాబితా చెబుతుంటాం. పిల్లల సర్టిఫికెట్లు, పెళ్ళి ఫొటోలు, ఆధార్, బ్యాంకు పుస్తకం, బంగారం. ఆ జాబితాలో వ్యాపారం ఫైళ్ళ నకలు కూడా చేర్చాలి. ఈ పని ముందుగా, చడీచప్పుడు లేకుండా జరగాలి. ఆమె ఫోన్‌లోని ఖాతా భర్త ఫోన్‌లోనూ తెరిచి ఉంటే ఆమె చేసే ప్రతి మార్పూ అతనికి తెలుస్తుంది. కొత్త ఖాతాను మన ఆఫీసులోనో స్నేహితురాలి ఫోన్‌లోనో తెరవాలి. ఏ క్షణాన పాస్‌వర్డ్ మార్చాలన్నది ఆమె భద్రతను బట్టి ఆమే నిర్ణయించుకోవాలి.

చివరగా మన సంస్థల గురించి. మన బీరువాల్లో, కంప్యూటర్లలో ఎంతోమంది స్త్రీల కేసు ఫైళ్ళున్నాయి. అవి పోకూడదు, ఎవరి కంటా పడకూడదు కూడా. అందువల్ల మనం బయట ఉంచే ప్రతి నకలుకూ పాస్‌వర్డ్ తాళం తప్పనిసరి, ఆ తాళం తెలిసినవారు ఒక్కరే కాకుండా ఇద్దరు ఉండాలి. ఆ ఒక్కరూ మానేస్తే పదేళ్ళ పని మూగబోతుంది. ఈ పనిని 'ఖాళీ దొరికినప్పుడు చూడమ్మా' అంటూ ఆఫీసులో అందరికంటే చిన్న అమ్మాయి మీద పడేయవద్దు. ఇంటిపనిలాగే ఇదీ చేసినప్పుడు ఎవరికీ కనబడదు, చేయనప్పుడే కనబడుతుంది. దీనికి వారంలో ఒక పూట కేటాయించండి, డిస్క్ ఖర్చును బడ్జెట్‌లో రాయండి, చేసినవారి పేరు రిజిస్టరులో ఉండనివ్వండి.

మీ ఊళ్ళకు తిరిగి వెళ్ళాక సంఘం సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి. మీ లెక్కల నకలు ఎక్కడుంది? దాని తాళం ఎవరి దగ్గరుంది? చివరిసారి తెరిచి చూసింది ఎప్పుడు? జవాబుగా 'మా ఆయన', 'మా అబ్బాయి' అని వస్తే ఎవరినీ తప్పుపట్టకండి. ఒక పూట ఆమె పక్కన కూర్చుని, ఆమె పేరే, ఆమె నంబరుతోనే ఒక ఖాతా తెరిపించండి. మొదటి నకలును ఆమె చేతే తీయించండి, ఆమె చేతే తెరిపించండి.