ఒక్క వాషరు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



విమానాల మరమ్మతు పనిలో బతికినవాణ్ని కాబట్టి ఆ ముచ్చటే చెప్పమన్నారు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు తక్కువ. శంషాబాద్‌లో కొడుకును సాగనంపే తల్లికి ఒక్కటే రంది: మంచిగ దిగుతడా? ఆ జవాబు పైలట్ చేతిలోనే లేదు. రాత్రిపూట టార్చిలైటు పట్టుకొని రెక్క కింద నిలబడే మనిషి చేతిలో కూడా ఉంది.

రెక్క పక్క సీటులో కూర్చున్నప్పుడు గమనించండి. దిగే ముందు రెక్క ముందంచు ముందుకు, కిందికి జరుగుతుంది. అది స్లాట్. వెనక జరిగేది ఫ్లాప్. వేగం తగ్గినా విమానం పడిపోకుండా మోసేవి ఇవే. స్లాట్ హద్దు దాటకుండా దాని పట్టా చివర ఒక బోల్టు, నట్టు, వాషరు బిగిస్తారు.

2007 ఆగస్టు 20న చైనా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737-800 విమానం జపాన్‌లోని నహాలో మామూలుగానే దిగింది. దిగాక స్లాట్లను లోపలికి తీసుకున్నారు. అప్పటికే ఊడిపడి ఉన్న బోల్టును పట్టా లోపలికి నెట్టింది. అది ఇంధన ట్యాంకుకు రంధ్రం చేసింది. కారిన ఇంధనం అంటుకొని విమానం కాలిపోయింది. లోపలున్న 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు, అదొక్కటే అదృష్టం. అంతకుముందు మరమ్మతులో వాషరు తప్పిపోయి ఉంటుందని విచారణలో తేల్చారు. వాషరు లేకుంటే ఆ నట్టు రంధ్రంలోంచి జారిపోతుంది. విచిత్రమేమంటే, ఆ మరమ్మతు చేసిందే నట్టు వదులు కాకూడదని!

వెంటనే ఆ రకం విమానాలను 24 రోజుల్లో తనిఖీ చేయాలని అమెరికా ఎఫ్ఏఏ ఆదేశించింది. మరికొన్నింటిలోనూ వదులైన భాగాలు కనిపించడంతో గడువును 10 రోజులకు కుదించింది. ఇలాంటి ఆదేశం సలహా కాదు. పాటించనిదే విమానం ఎగరకూడదు. 2025 నవంబరు చివర ఎయిర్‌బస్ ఏ320 విమానాల్లో, రెక్కల మీది ఐలెరాన్లను, తోక మీది ఎలివేటర్లను కదిలించే కంప్యూటరు విషయంలో ఇలాంటి ఆదేశమే వచ్చింది. మన దేశంలోనే మూడువందలకు పైగా విమానాలను రెండుమూడు రోజుల్లో సరిచేశారు.

ఇక్కడ సార్ల ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పదో తరగతిలో లోలకం ప్రయోగం చేయకుండానే పక్కవాడి రికార్డు చూసి రీడింగులు రాసిన. సంతకమూ పడింది, మార్కులూ పడ్డయి. కొలువులో చేరినాక తెలిసింది, చూడనిదాన్ని చూసినట్టు రాయడమంటే ఏమిటో. మా పనిలో సంతకానికి అర్థం "నా కండ్లతో చూసిన" అని. అందుకే కీలకమైన పని ఒకరు చేస్తే, ఇంకొకరు మళ్లీ చూస్తారు. అది అనుమానం కాదు, పద్ధతి.

టీచర్లకు నా మనవి ఒక్కటే. లెక్కకు సరిపోని రీడింగు రాసిన పిల్లవాడిని కోప్పడకండి. వాడు నిజంగా చూసి రాసిండేమో అడగండి. వాషరు లేదని చెప్పేది రేపు వాడే.

సెలవు.