చల్లారని వాయువు

  గెలాక్సీల్లో నక్షత్రాల పుట్టుక ఎందుకు ఆగిపోతుందన్న ప్రశ్నను మీ ముందు పెట్టదలచాను. దీనికి తరచూ ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తుంటారు: వాయువు అయిపోతుంది, పుట్టుక ఆగిపోతుంది. ఆ జవాబు నాకు తృప్తినివ్వదు. చుట్టూ వాయువు కావలసినంత ఉండి కూడా నక్షత్రాలు పుట్టని గెలాక్సీలు ఉన్నాయి. అక్కడ కరువైంది చల్లదనం.

నక్షత్రం మండే గోళమే, కానీ అది పుట్టే చోట గడ్డకట్టే చలి. మైనస్ 260 డిగ్రీల దగ్గర ఉండే హైడ్రోజన్ మేఘాల్లోనే వాయువు తన బరువుకు తానే కుంగి నక్షత్రంగా మారగలదు. వేడెక్కితే లోపలి పీడనం ఆ కుంగుబాటును అడ్డుకుంటుంది. మన పాలపుంతలోని ఇలాంటి చల్లని మేఘాలన్నీ కలిపితే సుమారు 100 కోట్ల సూర్యుళ్ల ద్రవ్యరాశి. అందులో ఏటా ఒకటి రెండు సూర్యుళ్లంత నక్షత్రాలవుతోంది. ఈ లెక్కన ఆ నిల్వ 100 కోట్ల ఏళ్లకు మించి రాదు. పాలపుంతేమో వెయ్యి కోట్ల ఏళ్లకు పైగా నక్షత్రాలను కంటూనే ఉంది! బయటి నుంచి కొత్త వాయువు వచ్చి చేరుతుంటే తప్ప ఇది కుదరదు. చెరువు గట్టుదాకా నిండి ఉన్నా, ఎగువ వాగు ఆగిపోతే రెండో పంటకు నీళ్లు ఉండవని మన రైతులకు తెలుసు. గెలాక్సీ సంగతీ అంతే.

దీనికి గట్టి సాక్ష్యం మన దేశం నుంచే వచ్చింది. పుణె దగ్గర ఖోడద్‌లో జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్ ఉంది. 30 డిష్‌లు, ఒక్కొక్కటి 45 మీటర్ల వెడల్పు. హైడ్రోజన్ పరమాణువు 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వెలువరించే సంకేతం మహా బలహీనమైనది. 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీ నుంచి వచ్చేదైతే విడిగా అసలు అందదు. ఆదిత్య చౌధురి, నిస్సీమ్ కనేకర్, జయరామ్ చెంగలూర్, వారి సహచరులు ఏకంగా 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిపై ఒకటి పేర్చి సగటు తీశారు. 2020లో నేచర్ పత్రికలో ఆ ఫలితం వచ్చింది. అప్పటి జోరులోనే నక్షత్రాలు పుడుతూ పోతే, వాటిలోని హైడ్రోజన్ 100 నుంచి 200 కోట్ల ఏళ్లలో ఖర్చయిపోతుంది. విశ్వంలో నక్షత్రాల పుట్టుక సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట పతాక స్థాయికి చేరి, ఇప్పుడు దాదాపు పదో వంతుకు పడిపోయింది. ఎందుకు పడిపోయిందో ఈ కొలతతో తేటపడింది. కొత్తగా వచ్చే వాయువు ఖర్చుకు చాలలేదు.

ఆ రాకను ఆపుతున్నదేమిటి? కొన్ని గెలాక్సీలకు పొరుగే శాపం. గెలాక్సీల గుంపుల్లో ఖాళీ అనుకునే చోటంతా కోట్ల డిగ్రీల వేడి వాయువు నిండి ఉంటుంది. అందులోకి దూసుకొచ్చే గెలాక్సీ నుంచి, ఆ వేడి వాయువు ఒత్తిడికి, దాని సొంత వాయువు ఊడి వెనక్కి కొట్టుకుపోతుందని శాస్త్రవేత్తలు గన్, గాట్ 1972లోనే చెప్పారు. 2015 సెప్టెంబర్ 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ తన అతినీలలోహిత టెలిస్కోప్‌తో ఈ దృశ్యాన్ని చిత్రించింది. ఏబెల్ 85 అనే గుంపులోకి సెకనుకు 3,000 కిలోమీటర్లకు పైగా వేగంతో పడుతున్న జేఓ201 గెలాక్సీ వెనక, ఊడిపోయిన వాయువులోనే లేత నక్షత్రాల ముద్దలు మెరుస్తున్నాయి. ఇల్లు వదిలిన వాయువు దారిలో నక్షత్రాలను కంటోంది. ఈ బొమ్మ చూసినప్పుడల్లా నా మనసు చలిస్తుంది.

ఇక నన్ను ఎక్కువగా పట్టి ఉంచే విషయానికి వస్తాను. ఎం87 మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, కన్యారాశి గుంపు నడుమ ఉన్న మహా గెలాక్సీ. చుట్టూ వేడి వాయువు పుష్కలం. కొత్త నక్షత్రాలు దాదాపు శూన్యం. దాని కేంద్రం నుంచి తిన్నగా పొడుచుకొస్తున్న కిరణాన్ని, అంటే జెట్‌ను, 1918లోనే హెబర్ కర్టిస్ గుర్తించారు. దాన్ని చిమ్ముతున్నది 650 కోట్ల సూర్యుళ్ల బరువున్న కృష్ణబిలం. 2019లో లోకమంతా దాని బొమ్మ చూసింది. ఎక్స్ కిరణాలు వెదజల్లే వాయువు క్రమేణా చల్లారాలి, చల్లారి లోపలికి జారాలి, నక్షత్రాలు కావాలి. ఆ పని జరగాల్సినంతగా జరగడం లేదంటే ఎవరో వేడి ఎగదోస్తున్నట్టే.

ఆ ఎవరో ఏమిటో పర్సియస్ అనే గెలాక్సీల గుంపు చెప్పింది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర టెలిస్కోప్‌తో ఆండ్రూ ఫేబియన్ బృందం దాన్ని గంటల తరబడి చూసి, 2003లో అక్కడి వాయువులో అలలున్నాయని ప్రకటించింది. కృష్ణబిలం జెట్లు ఊదిన బుడగల నుంచి బయలుదేరిన ధ్వని తరంగాలవి. ఒక అలకూ మరో అలకూ మధ్య దాదాపు కోటి ఏళ్లు. శక్తి ఆ అలల మీద బయటికి పాకుతూ వాయువును చల్లారనివ్వదని వారి వాదన. అయితే ఇది పూర్తి నిషేధం కాదు. అదే గుంపు నడుమనున్న ఎన్‌జీసీ 1275 గెలాక్సీ చుట్టూ 200 కాంతి సంవత్సరాల మందాన, 20,000 కాంతి సంవత్సరాల దాకా పొడవున చల్లని వాయు పోగులు వేలాడుతున్నాయి. హబుల్ ఫొటోల్లో వాటిని చూడవచ్చు. అయస్కాంత క్షేత్రాలే వాటిని చెదరకుండా పట్టి ఉంచాయి. వేడికీ చల్లదనానికీ పోరు అక్కడ ఇంకా తేలలేదు.

కృష్ణబిలం వేడి చేయడమే కాదు, గెంటేస్తుంది కూడా. విశ్వానికి 200 కోట్ల ఏళ్ల వయసున్నప్పటి ఒక భారీ గెలాక్సీ నుంచి వాయువు సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో బయటికి పోవడాన్ని జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పట్టుకుంది. 2024లో వచ్చిన ఫలితమిది. అదే ఏడు మరో బృందం, విశ్వానికి 70 కోట్ల ఏళ్లప్పుడే నక్షత్రాలు కనడం మానేసిన ఒక చిన్న గెలాక్సీని చూపింది. అంత చిన్నదాన్ని ఆపింది ఏమిటి? అది శాశ్వతంగా ఆగిందా, కొంతకాలానికి మళ్లీ మొదలైందా? ఒక్క కృష్ణబిలంతోనే అన్నింటికీ జవాబు వస్తుందని నేను అనుకోను.

ఈ సభలో భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. నాయనలారా, అమ్మలారా, ఆస్ట్రోశాట్ పరిశీలనలు, జీఎంఆర్‌టీ రికార్డులు కొంత గడువు తరవాత అందరికీ తెరుస్తారు. వాటిని పరిశీలించడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కంప్యూటరు, ఓపిక, అడగడానికి ఒక ప్రశ్న చాలు. ఇప్పుడు మన దేశం స్క్వేర్ కిలోమీటర్ ఎర్రే అనే రేడియో టెలిస్కోప్ నిర్మాణంలోనూ భాగస్వామి. 7,653 గెలాక్సీలను పేర్చితే గాని అందని సంకేతం అది పూర్తయ్యాక చాలా గెలాక్సీల నుంచి విడివిడిగా అందే అవకాశం ఉంది. ఏ గెలాక్సీకి వాయువు రాక ఎప్పుడు ఆగిందో ఒక్కొక్కదాన్నీ అడగవచ్చు. ఆ పని చేసేవాళ్లలో మీరు ఉండాలని కోరుకుంటూ, మధ్యాహ్నం సమావేశంలో ఈ ప్రశ్నలమీదే చర్చ జరగాలని ప్రతిపాదిస్తున్నాను.