నల్లబల్ల కనబడని బిడ్డ



75 ఏండ్ల పాఠశాల వేడుకలో కంటిజబ్బుల ప్రసక్తి ఏమిటని కొందరనుకోవచ్చును. నల్లబల్లపై అక్షరం కనబడని బిడ్డను మందమతిగా ఎంచుతున్నాము గనుక ఈ ప్రసక్తి తెచ్చితిని. మొదటినుండి మసకగా చూచే బిడ్డకు లోకమే అంత అనిపిస్తుంది. కనబడుట లేదని ఎన్నడూ చెప్పదు.

హ్రస్వదృష్టిలో సాధారణంగా కనుగ్రుడ్డు పొడవై, ప్రతిబింబం రెటీనాకు ముందే పడుతుంది. పుటాకార కటకం దానిని సరిదిద్దుతుంది. అద్దాలు పెట్టుకొన్న కొలదీ చూపు తగ్గుతుందన్నది అపోహ. సంబంధాలు రావని ఆడపిల్ల కళ్ళజోడును పెట్టెలో దాచే తల్లులను ఏమనాలో నాకు తోచదు!

అంతకన్న ప్రమాదం సోమరికన్ను. వైద్యులు ఆంబ్లియోపియా అంటారు. మెల్లకన్ను వలనగాని, రెండు కండ్ల పవరులో వ్యత్యాసం వలనగాని మెదడు ఒక కంటి చూపును ఉపేక్షిస్తుంది. రెండవ కన్ను చక్కగా చూచుటచే ఇంట ఎవరికీ తెలియదు. మెల్లకన్ను అదృష్టమని మురిసిపోరాదు. తగిన అద్దాలిచ్చి, అవసరమైతే మంచి కంటికి రోజుకు కొన్ని గంటలు పట్టీ వేసి, బలహీనమైన కంటిచేత పని చేయిస్తారు. ఏడేండ్లలోపు ఫలితం మెరుగు. ఆపైన కష్టమే, అయినను ప్రయత్నం మానరాదు.

అవ్వాతాతల శుక్లాలకు శస్త్రచికిత్స ఉన్నది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారు 1976లో మదురైలో 11 పడకలతో ఆరంభించిన అరవింద నేత్ర వైద్యశాల ఎందరో పేదలకు దానిని ఉచితంగా చేసినది. నీటికాసులతో పోయిన చూపు మాత్రం తిరిగి రాదు.

ఈ సాయంత్రమే బిడ్డ ఒక కంటిని అరచేత మూసి గోడ క్యాలెండరు చదివించండి. పిదప రెండవ కంటిని మూయండి. తేడా తోచినచో కంటివైద్యునికి చూపండి.